శూన్యానికి గొళ్ళెం

2024 వానాకాలం. ఆషాఢపు ముసురు పట్టి అది నాలుగో రోజు. పెనుబల్లి నుంచి సత్తుపల్లి పోయే దారిలో అడ్డరోడ్డు దగ్గర, గంగక్క టీ కొట్టు ముందు ఖమ్మం బస్సు ఆగి చిత్రకారుడు మురళీకృష్ణను దింపి పోయింది. నల్ల లాల్చీ, వెనక్కి ముడేసిన జుట్టు, వేళ్ళకు మూడు ఉంగరాలు, చంకలో చుట్టచుట్టిన పెద్ద దుప్పటి. చలికి తెచ్చుకున్నాడేమో అనిపించేట్టు ఉంది ఆ దుప్పటి. కాదు. ఒక బల్లను చుట్టుకుపోవడానికి తెచ్చాడు. ఐదు గంటల బస్సుకు ఆ బల్ల తనతో ఎక్కకపోతే ఆయన పేరు గంగలో కలిసినట్టే.

బల్ల సంగతి తెలియాలంటే ముందు తలుపు సంగతి తెలియాలి.

టీ కొట్టుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, బోర్డులు రాసే గులాం రసూల్ దుకాణం ఉంది. లారీల నంబర్లు, ఎరువుల కొట్ల పేర్లు, ఎలక్షన్ల రాతలు, ఆ చుట్టుపక్కల నలభై ఏళ్ళుగా ఏ అక్షరం కనపడినా ఆయన చేతిదే. ఆయనకొక పట్టుదల ఉంది. గుడ్డకు తుడిస్తే బ్రష్ వెంట్రుక రాలుతుంది, చెక్కకు తుడిస్తే కుదురుకుంటుంది అంటాడు. అందుకని ముప్పై ఏళ్ళు తన దుకాణం తలుపు లోపలి వైపునే బ్రష్‌లు తుడిచాడు. రంగు మీద రంగు పడి, ఎండి, గడ్డకట్టి, ఆ తలుపు రెండు వేళ్ళ మందం పెరిగింది.

2010 ఎండాకాలంలో కూతురు దిల్షాద్ పెళ్ళికి ఖమ్మం పోతూ ఆయన దుకాణం తాళం శిష్యుడి చేతిలో పెట్టాడు. శిష్యుడు మురళీకృష్ణే. మూడు రోజులకు తిరిగొచ్చి చూస్తే లోపల డబ్బాలున్నాయి, బ్రష్‌లున్నాయి, నిచ్చెన ఉంది, తలుపు లేదు. సామాను వదిలి తలుపెత్తుకుపోయిన దొంగను తలచుకుని అడ్డరోడ్డు ఆర్నెల్లు నవ్వింది. పోలీసు స్టేషన్‌కు ఫిర్యాదు రాసింది మురళీకృష్ణే, ముత్యాల్లాంటి అక్షరాలతో. వారం తిరక్కుండా హైదరాబాదు పోయాడు. ఆయనతో పాటు మామిడికాయల లోడు కింద పడుకుని తలుపు కూడా పోయింది. కంచె చేను మేయడం అందరూ విన్నదే. మేసిన కంచె తానే పోయి ఫిర్యాదు రాసివ్వడం మాత్రం అక్కడే జరిగింది.

హైదరాబాదులో ఆ తలుపును అడ్డంగా తిప్పి, మూలన సంతకం పెట్టి, "అరణ్యశూన్యం" అని పేరు పెట్టి గ్యాలరీ గోడకెక్కించాడు. పేపర్లో వచ్చింది. శాలువాలు కప్పారు. పద్నాలుగేళ్ళు ఆ ఒక్క పేరు మీదే నడిచాడు. ఆ తర్వాత సొంత చేత్తో వేసినవి చూడటానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి, ఫ్యాను కింద కాసేపు కూర్చుని పోయారు. ఇప్పుడు గ్యాలరీ మేడమ్ తేల్చి చెప్పింది. ఆగస్టు ప్రదర్శనకు మొదటిదాని జోడు తెస్తేనే గోడ, లేదంటే ఆహ్వానం కార్డు మీద పేరు కూడా ఉండదు.

జోడు ఎక్కడుందో మురళీకృష్ణకు తెలుసు. తలుపు పోయినాక రసూల్ బ్రష్‌లు తుడవడానికి ఒక నిలువెత్తు టేకు బల్లను గోడకు ఆనించుకున్నాడు. పోయినేడు తండ్రి సంవత్సరీకానికి వచ్చినప్పుడు మురళీకృష్ణ దాన్ని చూసి గుటకలు మింగాడు. పద్నాలుగేళ్ళ రంగు. ఈసారి ఎత్తుకుపోయే ఓపిక లేదు, నడుము నొప్పి. ఉస్తాదే సంతోషపడి చేతికివ్వాలి. సంతోషపెట్టాలంటే తాను ఎంతవాడయ్యాడో చెప్పాలి. చెప్పడం ఆయనకు చిన్నప్పటి నుంచి వచ్చు.

రోడ్డవతల దుకాణం ముందు వానకు నీలం పట్టా దించి ఉంది. పద్నాలుగేళ్ళుగా అక్కడ తలుపు బదులు గోనెసంచులే వేలాడుతున్నాయి కాబట్టి పట్టా చూసి ఆయనకేమీ అనిపించలేదు. రసూల్ టీ కొట్టులోనే బెంచీ మీద ఉన్నాడు. డెబ్బై నాలుగేళ్ళు, ఒక కంటికి ఆపరేషన్. పక్కన వడ్రంగి దూలయ్య, తల మీద, మీసాల మీద చెక్కపొట్టు రాలి, పిండిమరలోంచి లేచొచ్చినట్టు ఉన్నాడు. గంగక్క పొయ్యి ఊదుతోంది.

"సలాం ఉస్తాద్."

"ఆఁ, మురళీ. రా బేటా, కూసో."

పొయ్యిలోంచి నీలం మంట లేచి ఘాటుగా వాసన వచ్చింది. మురళీకృష్ణ కళ్ళు మూసుకుని ముక్కుతో గట్టిగా పీల్చాడు.

"చూశారా! ఎనామిల్, టర్పెంటైన్. నేను ఎక్కడ అడుగుపెడితే అక్కడికి రంగు వాసన వెతుక్కుంటూ వచ్చేస్తుంది గంగక్కా. డాక్టరు రక్తం తీసి చూసి భయపడ్డాడు, ఎరుపే కాదు, ఏడు రంగులున్నాయని."

దూలయ్యకు టీ పొలమారింది. గంగక్క పొయ్యిలోకి ఇంకో పిడికెడు ఏదో వేసి, "అవ్, నీ ముక్కుకు తెల్వనిది ఏమున్నది" అంది.

"నేనేదో గొప్ప చేశానని కాదు గానీ" అని మొదలుపెట్టాడు మురళీకృష్ణ. ఆయన ఎప్పుడూ అట్లాగే మొదలుపెడతాడు. "ఇక్కడ్నుంచి పోయినాక ముందు మణుగూరులో ఒక గోడకు నీలం వేశాను. అంతే. చిన్న పని. బంగళా ఆఫీసరు నెమలి బొమ్మ వెయ్యమన్నాడు. నేనన్నాను, సార్, చేతగానివాడు నెమలిని వేస్తాడు, చేతనైనవాడు నెమలి రంగు వేసి ఊరుకుంటాడు అని. గోడంతా ఒకటే నీలం. కాళ్ళు లేవు, ముక్కు లేదు, ఈక లేదు. ఆఫీసరు మొహం మాడ్చుకున్నాడు. తెల్లారి లేచి చూస్తే గోడ ముందు నెమలి. నిజం నెమలి! అడవిలోంచి నడిచొచ్చింది. మధ్యాహ్నానికి పదకొండు. సాయంత్రానికి బొగ్గు లారీలకు దారి లేదు."

"గోడ చూడనీకి వచ్చినయా, బంగళా వెనక పారబోసిన అన్నానికి వచ్చినయా?" అంది గంగక్క.

"అన్నం ముట్టలేదక్కా, ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నీ ఒక్కసారి పురి విప్పాయి. విప్పేసరికి వాన. మణుగూరంతా ఎండ కాస్తోంది, ఆ గోడ ఒక్కదాని మీదే వాన!"

"మరి రంగు కారిపోలేదా తమ్మీ?" అన్నాడు దూలయ్య.

"కారిపోయింది. దాన్నే అబ్‌స్ట్రాక్ట్ అంటారు."

దూలయ్య తల ఊపాడు. "మా ఇంటి గోడ ఏటేటా గట్లనే అయితది. పెద్ద ఆర్టే అన్నట్టు."

మురళీకృష్ణ నవ్వి ఓరకంట రసూల్‌ను చూశాడు. ఆ మొహంలో కదలిక లేదు. ఒంటికన్నుతో రోడ్డు మీద పోయే లారీ నంబరు చదువుకుంటున్నాడు. నెమళ్ళు చాలలేదు. పెద్దదే తియ్యాలి అనుకున్నాడు.

"అదట్లా ఉంచండి. ఇరవై రెండులో గోదారొచ్చింది కదా, భద్రాచలం కాడ డెబ్బై ఒక్క అడుగులు. డెబ్బై రెండో అడుగు ఎందుకు రాలేదని ఎవరన్నా ఆలోచించారా? ఆలోచించరు. నేను చెప్పుకోను కాబట్టి ఎవరికీ తెలియదు. జనమంతా మూటలు నెత్తికెత్తుకుని కొండల కేసి పోతున్నారు, నేను ఒక్కణ్ణి కరకట్ట కేసి పోతున్నాను. జేబులో ఒకటే బ్రష్, పది నంబరుది, మన ఉస్తాద్ ఇచ్చిందే. కట్ట మీద నిలబడి గాల్లో ఒక్క గీత గీశాను. నీళ్ళ మీద గీస్తే నిలవదు, అందుకని గాల్లో. గోదారి ఆ గీత దాకా వచ్చింది. ఆగింది. ఎవరి చేయిరా ఇది అన్నట్టు ఒక్క సుడి తిరిగింది. తిరిగి, వచ్చిన దారినే మళ్ళింది."

దూలయ్య గ్లాసు కింద పెట్టాడు. "ఆ గీత ఒక పదడుగులు కిందికి గీస్తే నీ సొమ్మేం పోయె తమ్మీ? మా బామ్మర్ది ఇల్లు దక్కేది."

"కళకు కూడా ఒక ఎత్తుంటుంది దూలయ్యన్నా. దిగి గియ్యలేం."

"మా బామ్మర్ది గూడ గట్లనే అన్నడు, తాటిచెట్టు మీద కూసోని. నువ్వు చెయ్యి ఊపుతుంటే బోటును పిలుస్తున్నవు అనుకున్నరట."

గంగక్క నవ్వింది. రసూల్ మాత్రం మీసం కూడా కదపలేదు. మురళీకృష్ణ చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగైంది. ఇంకో టీ చెప్పి, బెంచీ అంచుకు జరిగి, గొంతు తగ్గించాడు. పెద్ద కోతకు ముందు గొంతు తగ్గించాలని ఎరిగినవాడు.

"అవన్నీ పక్కన పెట్టండి ఉస్తాద్. నా పెద్ద బొమ్మ సంగతి చెప్తాను. అరణ్యశూన్యం. దాని మీదే నా పేరు నిలిచింది. అందులో ఒక పచ్చ ఉంది. ఆ పచ్చ ఏ డబ్బాలోనూ దొరకదు. భద్రాచలం అవతల అడవిలో నలభై రోజులు కూర్చున్నాను, తిండి లేదు, గడ్డం బొడ్డు దాకా వచ్చింది. ఎన్ని ఆకులు నూరినా ఆ పచ్చ రాదు. నలభై ఒకటో రోజు ఎలుగుబంటి వచ్చింది. వచ్చి వెనక నిలబడి బొమ్మ చూసింది. తల అడ్డంగా ఊపింది. నాకు రోషమొచ్చింది. అయితే నువ్వు చూపించవే అన్నాను. పోయింది. పొద్దుగూకే వేళకు ఆకులు తెచ్చి, రెండు చేతుల మధ్య నలిపి, పసరు నా డబ్బాలోకి పిండింది! ఇప్పటికీ ఆ అడవిలో పచ్చ చేతుల ఎలుగు తిరుగుతోంది. నమ్మకపోతే ఫారెస్టోళ్ళను అడగండి."

"ఎలుగు ఎదురొస్తే ఫారెస్టోళ్ళు చేతుల రంగు చూస్తరా, ఎక్కనీకి చెట్టు చూస్తరా?" అంది గంగక్క.

"ఎరుపు పాపికొండల కాడ దొరికింది. సూర్యుడు కొండల మధ్య దిగుతుంటే పడవ ముక్కు మీద నిలబడి, కత్తితో ఆకాశాన్ని గీకి డబ్బాలో పట్టాను. ఎక్కువ గీకాను. మర్నాడు ఆ ఊళ్ళలో సాయంత్రం కాలేదు, మధ్యాహ్నం నుంచి తిన్నగా చీకటే. ఇక నలుపు. నలుపు కోసం మణుగూరు గనిలో మూడు వేల అడుగులు దిగాను."

"ఆడ పైనుంచి తవ్వుతరు గద, ఓపెన్‌కాస్టు. దిగుడేంది?" అన్నాడు దూలయ్య.

"వాళ్ళు తవ్వింది ఓపెన్. నేను దిగింది క్లోజు." మురళీకృష్ణ రెప్ప వేయకుండా అన్నాడు. "అక్కడ సృష్టి మొదలైన దగ్గర్నుంచి వెలుగు చూడని నలుపు ఉంది. మనిషి దుఃఖమెరగని నలుపు. దోసెడు తెచ్చుకున్నాను. అన్నీ వేశాక చివరికి ఒక్కచోట ఏమీ వెయ్యకుండా వదిలేశాను. గుండ్రంగా, రూపాయి బిళ్ళంత. అదే శూన్యం. రంగంతా దాని చుట్టూ తిరుగుతుంది, అది మాత్రం కదలదు. దాని మీద ఒక పండితుడు నలభై పేజీలు రాశాడు. దాని ముందు నిలబడి ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు అప్పులు తీర్చేశారు."

"రూపాయి బిళ్ళంత దానికా?" అంది గంగక్క.

"ప్యారిస్‌లో దాన్ని వేలాడదీశారక్కా." ప్యారిస్ అన్నది ఆయన ఒక బేకరీ బోర్డు మీద తప్ప ఎక్కడా చూడలేదు. అయినా ఆ ఊరి వీధులన్నీ నోట్లో తిరుగుతున్నాయి. "ఏడంతస్తుల మేడ, అద్దాల గోడలు, దేశదేశాల జనం. తొంభై ఏళ్ళ విమర్శకుడు ఒకడు కర్ర పట్టుకుని వచ్చాడు. పళ్ళెమంత శూన్యం ముందు నిలబడ్డాడు."

"ఇందాక బిళ్ళంటివి."

"దగ్గరికి పోతే పెరుగుతుంది, దాని గుణం అది. వేలు పెట్టాడు. వేలు పోయింది. మోచేయి పోయింది. ఇదేందబ్బా అని తల పెట్టాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మనిషే లేడు! బూట్లు మాత్రం బయట ఉన్నాయి. ఫైరింజన్లు వచ్చాయి. బావిలాంటి ఆ శూన్యంలోకి మూడు కిలోమీటర్ల తాడు వేశారు, అడుగు తగల్లేదు. పెళ్ళాం పిల్లలు వచ్చి బొమ్మ ముందు దినం పెట్టడానికి సిద్ధమయ్యారు. మూడో రోజు పొద్దున బయటికొచ్చాడు, కర్ర పోయి, వెంట్రుకలు నల్లబడి, పాతికేళ్ళ కుర్రాడై! ఎక్కడికి పోయావయ్యా అంటే, సృష్టికి ముందుకు పోయానన్నాడు. అక్కడేముంది అంటే, ఏమీ లేదు, కానీ కింద మూలన మురళీకృష్ణ అని సంతకం ఉంది అన్నాడు!"

వాన చూరు మీద చప్పుడు చేస్తోంది. సృష్టికి ముందు దాకా పోయొచ్చాక ఇంకెవరు మాత్రం ఏం మాట్లాడతారు.

గంగక్కే అంది. "మా చెల్లెలు కొడుకు హైదరాబాద్‌ల ఉంటడు. నువ్వు ఆడ అపార్ట్‌మెంట్లకు సున్నమేస్తున్నవని చెప్పిండు. గీ బొమ్మ ఉన్నదా, లేక ఇదిగూడ ఎలుగు చేతులేనా?"

ఆ మాట మురళీకృష్ణకు మంటలా తగిలింది. పద్నాలుగేళ్ళలో ఆ బొమ్మ ఫొటో ఉన్న ప్రదర్శన పుస్తకాన్ని ఆయన ఈ అడ్డరోడ్డులో బయటికి తియ్యలేదు. ఖమ్మంలో చూపించాడు, కొత్తగూడెంలో చూపించాడు, పెనుబల్లి వస్తుందనగానే సంచి అడుగుకు తోసేవాడు. ఇవ్వాళ కూడా తోసే ఉంచాడు. కానీ సున్నం అన్న మాటకు చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయింది. ముసలాయనకు ఒకటే కన్ను, ఫొటో అడ్డంగా ఉంది, అరచేతికి కొంచెం పెద్దది, ఏం తెలుస్తుందిలే అని లోపల ఒక ధైర్యం. కోతలు కోసేవాడికి తన కోతల మీదే అందరికంటే ముందు నమ్మకం కుదురుతుంది.

"చూడు! కళ్ళు కడుక్కుని చూడు!" అని రంగుల పుస్తకం తీసి బెంచీ మీద కొట్టాడు.

గంగక్క కొంగుకు చేతులు తుడుచుకుని చూసింది. దూలయ్య వంగి చూశాడు. రసూల్ జేబులోంచి కళ్ళద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని, పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని నిదానంగా తిప్పాడు. అడ్డంగా ఉన్నది నిలువయింది.

మురళీకృష్ణ చప్పున పుస్తకం కోసం చెయ్యి చాచాడు.

"దూలయ్యా" అన్నాడు రసూల్. "ఈ కింది మూల చూడు."

దూలయ్య చూశాడు. తల పైకెత్తి మురళీకృష్ణను చూశాడు. మళ్ళీ కిందికి చూశాడు. "నా అతుకు" అన్నాడు. "చెద పడితే నేనే కోసి అతికిన. తొంభై ఆరుల. మూడు మేకులు కొట్టిన, ఒకటి వంకర పోయింది. వంకర మేకు గూడ పడ్డది ఫొటోల."

"పచ్చ ఎలుగు ఇచ్చింది అన్నవు గదా మురళీ." రసూల్ గొంతు పెంచలేదు. బోర్డు మీద కొలత చూసుకునేవాడిలా వేలు పెట్టి చూపించాడు. "ఇది ఎరువుల దుకాణం పచ్చ. ఎనభై తొమ్మిది. డబ్బా గడ్డకడితే కిరసనాయిల్ పోసి కలిపిన, అందుకే గిట్ల మసకగున్నది. ఈ ఎరుపు ఎలక్షన్లది. పొద్దున ఒక పార్టీని పొగిడి రాసిన, సాయంత్రం అదే డబ్బాతోని అదే పార్టీని తిట్టి రాసిన. రెండు తుడుపులు పక్కపక్కన్నే ఉన్నయి, చూడు."

వేలు నలుపు దగ్గరికి వచ్చి ఆగింది. గంగక్కకు తెలుసు, తల పక్కకు తిప్పుకుంది.

"ఇది మా ఇంటామె తబస్సుం గోరీ రాయిది. రాయి మీద ఆమె పేరు నేనే రాసిన. ఇంకొకల్ల చేతికి ఇయ్యలే. రాసొచ్చి, బ్రష్ ఈడ తుడిచిన. ఆరేండ్లు పొద్దున తలుపు తెరిస్తే మొదట ఇదే కనపడేది నాకు. దుఃఖం తెల్వని నలుపు అంటివి."

మురళీకృష్ణ దుప్పటిని దగ్గరికి లాక్కున్నాడు.

"మరి శూన్యమో?" అన్నాడు దూలయ్య. నవ్వు ఆపుకోలేక కళ్ళల్లో నీళ్ళు.

"గొళ్ళెం బొక్క" అన్నాడు రసూల్. "తొంభై ఏండ్ల మనిషి అండ్ల పడ్డడంటివి. నేను దాంట్లకెళ్ళి తాడు తీసి మేకను కట్టేస్తుంటి. మూడు మేకలు కట్టిన. ఒక్కటి గూడ పడలే."

గంగక్క కొంగు నోట్లో కుక్కుకుంది. దూలయ్య బెంచీ మీంచి లేచి చూరు కింద నిలబడి నవ్వాడు, వాన నీళ్ళు మీసాల మీద పడుతున్నా జరగలేదు.

"పద్నాలుగేండ్లు ఒక్కటే ఆలోచన నాకు" అన్నాడు రసూల్. "గొళ్ళెం ఊడదీసి, డబ్బాల వెనక దాచిపెట్టి, ఉత్త తలుపు ఎత్తుకపోయిన దొంగ ఎవడయ్యుంటడు అని. దొంగైతే ఇనుము వదులుతడా? గొళ్ళెం ఉంటే తలుపని తెలుస్తదని తీసినవు. ఇప్పుడు అర్థమైంది."

మురళీకృష్ణ మాటలవాడు. మాట పూర్తిగా పోయే రకం కాదు. "ఉస్తాద్" అన్నాడు. "తప్పే. కాదనను. కానీ ముప్పై ఏళ్ళు మీరు దాన్ని తుడుపనుకున్నారు. ఎవరన్నా దాన్ని బొమ్మ అని చూశారా? నేను చూశాను. మీరు తుడిచారు, నేను చూశాను. చూసే కన్ను నాది."

"అవ్. నేను చూడలే. ఆ మాట ఒప్పుకుంట." రసూల్ కళ్ళద్దాలు తీశాడు. "అడిగితే ఇస్తుంటి గద బేటా. పేరు గూడ నీదే పెట్టుకొమ్మంటుంటి. నువ్వు రంగు చూసినవు, తలుపు చూడలే. తలుపు లేని దుకాణంల పద్నాలుగేండ్లు కుక్కలు పండుకున్నయి. బ్రష్‌లు ఎలుకలు కొరికినయి. నీ చేత్తోనే కాయితం రాసి, నాతోని సంతకం పెట్టిస్తివి."

రోడ్డు మీద బొగ్గు లారీ ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ పోయింది. నాలుగూ ముప్పావు. ఇంకొకడైతే ఆ లారీ వెనక పరిగెత్తి పోయేవాడు. మురళీకృష్ణ గడియారం చూసుకుని, గొంతు సవరించుకుని, అడగడానికి వచ్చింది అడిగాడు.

"ఈసారి మీ పేరు కూడా వేయిస్తాను ఉస్తాద్. పైన మీది, కింద నాది. ఆ తుడుపు బల్ల ఒక్కటి ఇప్పించండి. అది లేకపోతే నేను లేను."

గంగక్క నవ్వు ఆగిపోయింది. సిగ్గు లేనివాళ్ళను ఆమె చాలామందిని చూసింది, పొయ్యి కాడ కూర్చుంటే అందరూ వస్తారు. ఇంత నిబ్బరం గలవాణ్ణి ఇదే చూడటం. దూలయ్య మాత్రం ఎందుకో చప్పున రసూల్ మొహం చూశాడు.

రసూల్ రోడ్డవతలికి కేకేశాడు. "మెహర్! బేటీ! పట్టా జర పైకెత్తు."

నీలం పట్టా పైకి లేచింది. వెనక దిల్షాద్ కూతురు మెహర్ నిలబడి ఉంది, మెడలో కొలత టేపు. ఆమె పక్కన కొత్త తలుపు. తేనె రంగు టేకు, నున్నగా, వాన వెలుతురులో మెరుస్తోంది. దాని మీద రంగు చుక్క కూడా లేదు. దాని మధ్యలో పాత ఇనుప గొళ్ళెం.

"పిల్ల కుట్టు మిషన్ పెట్టుకుంటున్నది దుకాణంల" అన్నాడు రసూల్. "మందివి చీరెలుంటయి, జాకెట్లుంటయి. గోనెపట్టా నమ్ముకోని ఎట్ల పోతది ఇంటికి? తలుపు కావాలె. ఇంట్ల ఉన్న టేకు ఆ తుడుపు బల్ల ఒక్కటే."

"రంగు?" మురళీకృష్ణ బెంచీ మీంచి లేచాడు.

"గడ్డలు గట్టింది తమ్మీ, చౌకట్ల పట్టలే" అన్నాడు దూలయ్య. "రెండు పొద్దులు రంద పట్టి చెక్కిన. మూడుసార్లు బ్లేడు నూరిన. ఏం రంగురా నాయనా, రాయి తీరుగున్నది. నా నెత్తి చూస్తలేవా?"

అప్పుడు చూశాడు మురళీకృష్ణ. దూలయ్య జుట్టులో ఉన్న పొట్టు ఉత్త చెక్కపొట్టు కాదు. అందులో నీలం ఉంది, పసుపు ఉంది, మోదుగుపూల రంగు ఉంది.

"ఆ పొట్టు! ఆ పొట్టంతా ఎక్కడుంది అన్నా? ఏరుకుంటాను, జిగురు పెట్టి అతికించుకుంటాను!"

గంగక్క కాలితో పొయ్యి పక్కనున్న గోనెసంచిని ముందుకు జరిపింది. సంచి అడుగున పిడికెడు మిగిలింది. ఆమె దాన్ని తీసి, మురళీకృష్ణ చూస్తుండగానే, పొయ్యిలో వేసింది. నీలం మంట లేచింది.

"ముసురుకు కట్టెలు తడిసినయి. పొద్దున్నుంచి దీంతోనే కాస్తున్న" అంది. "నువ్వు రాంగనే వాసన పట్టినవు గద. రంగే ఎతుక్కుంట వచ్చింది అంటివి. అడుగుతవేమో అని చూసిన, నెమళ్ళ కాడికి పోతివి."

ఐదు గంటల బస్సు ఐదుంబావుకు వచ్చింది. మురళీకృష్ణ దుప్పటి చుట్ట విప్పకుండానే ఎక్కాడు. ఆగస్టులో హైదరాబాదులో ప్రదర్శన జరిగింది, కార్డు మీద ఆయన పేరు లేదు. గులాం రసూల్ దుకాణానికి పద్నాలుగేళ్ళ తర్వాత తలుపు అమరింది. ఆ బల్ల మీదున్న పద్నాలుగేళ్ళ రంగు గంగక్క పొయ్యిలో ఎనిమిది గిన్నెల టీకి సరిపోయింది. అందులో మూడు గ్లాసులు మురళీకృష్ణ తాగాడు.